మన గుట్టల్లోని నల్లరాతి వరుసలు ఒకప్పటి అగ్నిపర్వతాల గుర్తులేనా?

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. గత నెల ఆదిలాబాద్ జిల్లాలో బంధువుల పెళ్లికి వెళ్లినప్పుడు నల్లరేగడి పత్తి చేను గట్టున అరచేతిలో ఇమిడే రాయి ఒకటి దొరికింది. రంగు బూడిద కలిసిన నలుపు. ఒంటినిండా బఠాణీ గింజంత గుంతలు, కొన్నింటిలో ఉప్పుకల్లులా మెరిసే తెల్లని స్ఫటికాలు. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల క్రితం దక్కనును ముంచెత్తిన లావా ఆ జిల్లా దాకా పరుచుకున్నది కనుక ఇది లావా చల్లారి గడ్డకట్టిన బసాల్టు రాయేనని, గుంతలు వాయు బుడగల గుర్తులని అనుకుంటున్నాను. అయితే ఆ లావా ప్రధానంగా నేల పగుళ్ల నుండి పొంగినదే గాని, బొమ్మల్లో చూపే శంఖువు వంటి కొండ నుండి కాదు.

నా అసలు సందేహం వరంగల్ వైపు రాళ్ల గురించి. ఇక్కడి గ్రానైట్ గుట్టల నడుమ నల్లరాతి వరుసలు గోడ కట్టినట్లు సాగుతాయి. శిలాద్రవం భూమి లోపలి పగుళ్లలో గడ్డకట్టగా ఏర్పడిన ఈ డోలరైట్ డైకులు ఒకప్పుడు పైన ఉండి అరిగిపోయిన అగ్నిపర్వతాల వేళ్లు కావచ్చునా? స్కాట్లాండ్‌లోని ఎడింబరో నగరం నడుమనే సుమారు 34 కోట్ల ఏళ్ల నాటి అగ్నిపర్వత శేషం ఉండగా మన దగ్గర ఎందుకు ఉండకూడదని మా అబ్బాయి వాదన. (పదో తరగతి పరీక్షలకు ఈ పట్టుదల ఉంటే బాగుండేది.)

డైకుకూ, అగ్నిపర్వత నాళంలో గడ్డకట్టిన రాతికీ తేడాను గుట్ట దగ్గర నిలబడి గుర్తుపట్టే పద్ధతిని తెలిసినవారు దయచేసి చెప్పగలరు. రేణువుల పరిమాణం చూడాలా, వరుస ఆకారమా, చుట్టుపక్కల గట్టిపడిన బూడిద పొరలా?