వెనక నుంచి గుద్దినాయన ఇప్పుడు మాట మారుస్తున్నాడు, ఏం చేయాలి?

సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న నా కారుని వెనక నుంచి ఇంకో కారు గుద్దింది. హజార్డ్ లైట్లు వేసి, బళ్లు కదపకముందే రెండు నంబర్ ప్లేట్లూ పడేలా ఫొటోలు తీశాను, ఆయన లైసెన్స్, ఇన్సూరెన్స్ వివరాలు కూడా రాసుకున్నాను. అక్కడ చాలా మర్యాదగా "క్లెయిములూ గట్రా ఎందుకండీ, రిపేరు ఖర్చు నేనే పెట్టుకుంటా" అన్నవాడు, ఇప్పుడు ఫోన్ చేస్తే "మీరే సడన్ బ్రేక్ వేశారు" అంటున్నాడు. ఆగి ఉన్న బండికి బ్రేకేంటో!

పైకి చూస్తే బంపర్ ఒక పక్క క్లిప్పులూడి వేలాడుతోంది, అంతే. కానీ డిక్కీ మూస్తే ఎడమవైపు వేలు దూరేంత సందు ఉంటోంది, లోపల రేకు కూడా వంగిందేమోనని అనుమానం. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పేశాను. వాళ్లు వచ్చి చూసేలోపు బంపర్ ఊడదీయించి మెకానిక్‌కి చూపించొచ్చా, అసలు ముట్టుకోకూడదా?

డాష్‌క్యామ్ ఉంది. కార్డు నిండితే పాత వీడియో మీద కొత్తది ఎక్కేస్తుంది కదా, అందుకే కార్డు తీసి దాచాను. అది ముందు ఎవరికివ్వాలి, పోలీసులకా, ఇన్సూరెన్స్ వాళ్లకా? ఆయనకి చూపిస్తే దారికొస్తాడా?

ఇంకోటి, ఆ రోజు ఏమీ అనిపించలేదు గానీ మర్నాడు లేచేసరికి మెడ పట్టేసింది. ఇలాంటి దెబ్బకి నొప్పి ఆలస్యంగా బయటపడటం మామూలేనన్నారు డాక్టరు. ఆ చీటీ కూడా ఇదే క్లెయిములో పెట్టాలా? అనుభవం ఉన్నవాళ్లు కాస్త త్వరగా చెప్పండి, రాజీ కాగితం మీద సంతకం పెట్టమని ఆయన తరఫున ఎవరో ఒకటే ఫోన్లు.