అప్‌డేట్: ఫ్రెడ్డీ మెర్క్యురీ తొలి సోలో ఆల్బమ్ విన్నాను

బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్వీన్ పాటలంటే ప్రాణం, మరి దాని గాయకుడు ఫ్రెడ్డీ ఒక్కడే చేసిన ‘మిస్టర్ బ్యాడ్ గై’ (1985) నచ్చుతుందా అని మొన్న అడిగాను కదా. మీరు చెప్పినట్టే ముందు 1995 నాటి క్వీన్ ఆల్బమ్ ‘మేడ్ ఇన్ హెవెన్’లోని ‘ఐ వాజ్ బోర్న్ టు లవ్ యు’ విని, తర్వాత ‘మిస్టర్ బ్యాడ్ గై’లోని అసలు పాట పెట్టాను. గొంతు అదే! కానీ క్వీన్ పాటలో ఆ బ్యాండ్ గిటారిస్ట్ బ్రయన్ మే గిటార్ గర్జించిన చోట ఇక్కడ సింథసైజర్లు, డాన్స్ బీటు. మొదటిసారి వెలితిగా అనిపించింది, నిజం. మూడోసారికి ఆ గొంతు ఇంకా దగ్గరగా వినపడింది. టైటిల్ పాటలో ఏకంగా ఆర్కెస్ట్రానే దించాడు, ఒళ్లు పులకరించింది. అన్నట్టు, ఈ ఆల్బమ్‌ని తన పిల్లి జెర్రీకి అంకితమిచ్చాడు! అది చదివాక ఇష్టం ఇంకా పెరిగింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వినమన్నవాళ్లకి చాలా థ్యాంక్స్.