పాత ప్రింటర్ సీడీ, విండోస్ 11 ల్యాప్‌టాప్: డ్రైవర్ ఎక్కడం లేదు

ప్రశ్న

ఇంట్లో క్యానన్ ఎల్‌బీపీ 2900బీ లేజర్ ప్రింటర్ ఉంది. సీడీలో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ 32 బిట్ డ్రైవర్. కొత్త ల్యాప్‌టాప్‌కి సీడీ డ్రైవ్ లేదు. సీడీని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి సెటప్ నడిపితే మధ్యలో ఆగిపోతోంది. కేబుల్ పెడితే డివైస్ మేనేజర్‌లో ‘యూఎస్‌బీ ప్రింటింగ్ సపోర్ట్’ అని మాత్రం వస్తోంది. బయట పెట్టుకునే సీడీ డ్రైవ్ కొంటే పని జరుగుతుందా?

జవాబు 1

కొనకండి, డబ్బు దండగ. విండోస్ 11 వచ్చేదే 64 బిట్‌లో. దాని స్పూలర్ (ప్రింట్ పనులు చూసుకునే విండోస్ సర్వీస్) 32 బిట్ డ్రైవర్‌ని లోడ్ చేసుకోదు. కంపాటిబిలిటీ మోడ్ పెడితే సెటప్ తెరుచుకుంటుందేమో గానీ లోపలి డ్రైవర్ మారదు కదా.

ఈ మోడల్‌కి చాలా ప్రింటర్లకు సరిపోయే జనరిక్ డ్రైవర్లు కూడా పనికిరావు. పేజీని కంప్యూటరే చుక్కలుగా మార్చి పంపాలి, చాలా ప్రింటర్లు అర్థం చేసుకునే పీసీఎల్ అనే ఆదేశాల భాష దీనికి తెలియదు. కాబట్టి క్యానన్ ఇండియా సపోర్ట్ పేజీలో ఇదే మోడల్ పేరుతో 64 బిట్ క్యాప్ట్ (క్యానన్ సొంత ప్రింటింగ్ పద్ధతి) డ్రైవర్ దించుకోండి.

ముందు కేబుల్ తీసేయండి, ఇది ముఖ్యం. పాత ప్రయత్నాల్లో ఎక్కిన ప్రింటర్‌ని సెట్టింగ్స్‌లో రిమూవ్ చేసి, రీస్టార్ట్ చేయండి. సెటప్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి, యూఎస్‌బీ కనెక్షన్‌తో ఇన్‌స్టాల్ అనేది ఎంచుకోండి. అది అడిగాకే కేబుల్ పెట్టి ప్రింటర్ ఆన్ చేయండి. ముందే పెడితే విండోస్ తనకు తోచినట్టు గుర్తించి, సెటప్ ప్రింటర్ కోసం వెతుకుతూ కూర్చుంటుంది. మీకు యూఎస్‌బీ ప్రింటింగ్ సపోర్ట్ కనిపిస్తోందంటే కేబుల్‌లో లోపం లేదనే అర్థం.

జవాబు 2

పైన చెప్పింది సరైనదే. ఒకవేళ డ్రైవర్ ఎక్కినా పేజీ రాకపోతే ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ ట్యాబ్ చూడండి. కేబుల్‌ని వేరే సాకెట్‌కి మార్చినప్పుడు యూఎస్‌బీ001 అనే పోర్ట్ కాస్తా యూఎస్‌బీ002 కావచ్చు, ‘కాపీ 1’ అని రెండో ప్రింటర్ పుట్టొచ్చు. డాక్యుమెంట్లు మాత్రం పాతదాని క్యూలోనే పడుంటాయి. క్యూ కదలకపోతే సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్ ఆపి, సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్ దాటి ప్రింటర్స్ ఫోల్డర్‌లోని ఫైళ్లు తీసేసి మళ్లీ స్టార్ట్ చేయండి.

ఇంకో రెండు చూసుకోండి. ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లో విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్ ఆన్‌లో ఉంటే ఏ కంపెనీ డ్రైవరూ ఎక్కదు, ఆఫ్ చేయాలి. ల్యాప్‌టాప్ ప్రాసెసర్ స్నాప్‌డ్రాగన్ అయితే మామూలు 64 బిట్ డ్రైవర్ కూడా నడవదు, దానికి ఏఆర్‌ఎమ్ (ఆ రకం ప్రాసెసర్ల) డ్రైవర్ ఉండాలి.

ప్రశ్న వేసినవారు

స్నాప్‌డ్రాగన్ కాదండీ, ఇంటెల్. పాత ఎక్స్‌పీ కంప్యూటర్‌లో ప్రింటర్ బాగానే పనిచేస్తోంది. దాన్ని షేర్ చేసి వాడుకోవచ్చా?

జవాబు 3

షేర్ చేసినా ల్యాప్‌టాప్‌లో 64 బిట్ డ్రైవర్ ఉండాల్సిందే, అదే చిక్కు మళ్లీ వస్తుంది. అదీగాక ఎక్స్‌పీ వాడే ఎస్‌ఎంబీ1 అనే పాత నెట్‌వర్క్ షేరింగ్ పద్ధతిని విండోస్ 11 మామూలుగా ఆపేసి ఉంచుతుంది. సెక్యూరిటీ దృష్ట్యా దాన్ని ఆన్ చేయకపోవడమే మంచిది.

దించుకున్న 64 బిట్ సెటప్ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ దాచుకోండి. ప్రింటర్ కంపెనీల డ్రైవర్లకు విండోస్ అప్‌డేట్ ద్వారా ఇచ్చే సర్వీసింగ్‌ని దశలవారీగా ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులోనే ప్రకటించింది. డ్రైవర్ ఎక్కేలోగా అర్జెంటు పని పడితే ల్యాప్‌టాప్‌లో పీడీఎఫ్‌గా సేవ్ చేసి, పెన్‌డ్రైవ్‌తో పాత సిస్టంకి తీసుకెళ్లి ప్రింట్ ఇవ్వండి.