దూలగొండి గింజలు పట్టుకున్నా దురద రాలేదు, అసలువేనా?

పెరంబూరు అబ్బాయి: నాన్నకు మంచిదని ఎవరో చెబితే చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర నాటుమందుల కొట్టులో దూలగొండి గింజలు అడిగాను. తమిళంలో ‘పూనైక్కాలి’ అంటూ నల్లగా నిగనిగలాడే గింజలు పొట్లం కట్టి ఇచ్చాడు. గుప్పెట్లో పట్టుకున్నా ఏమీ కాలేదు. అంటగట్టేశాడంటారా?

బోటనీ మాస్టారు: అసలువే అయ్యుండొచ్చు బాబూ. దురద గింజలో ఉండదు, కాయ మీది గోధుమరంగు నూగులో ఉంటుంది. మైక్రోస్కోపు కింద పెడితే ఒక్కో వెంట్రుక కొసన వెనక్కి తిరిగిన ముళ్లు కనిపిస్తాయి, అందుకే గుచ్చుకున్నాక ఊడిరాదు. అందులో మ్యూకునైన్ అనే ఎంజైము ఉంది. అది చర్మంలోని నరాల చివర్లను రెచ్చగొడుతుంది. ఇది ప్రధానంగా హిస్టమిన్ (అలర్జీలో ఒంట్లో విడుదలయ్యే రసాయనం) దారిలో వచ్చే దురద కాదు. అలర్జీ మాత్ర వేసుకుని కూర్చుంటే పెద్దగా ఫలితం ఉండదు.

చిత్తూరు చిన్నోడు: స్కూల్లో బెంచీ మీద ఈ నూగు చల్లిన ఘనులు మా బ్యాచ్‌లోనే ఉన్నారు 😄 గోకితే ఇంకా లోపలికి దిగుతుంది. సెల్లోటేప్ అంటించి లాగేయాలి, ఆ తర్వాతే కడుక్కోవడం. అన్నట్టు, మా ఊళ్లో కంచెల మీద పాకే దురదగొండి కూడా ఇదేనా?

బోటనీ మాస్టారు: కాదు. దురదగొండి వేరు, ఇక్కడి తమిళులు సెందట్టి అనేది దాన్నే, అది ఆముదం కుటుంబం. దూలగొండేమో చిక్కుడు కుటుంబం. దురదగొండిలో ఆకు నూగే కుడుతుంది. మధ్య కణంలో కాల్షియం ఆక్సలేట్ సూది, చుట్టూ మూడు కణాలు కాపలా. తగలగానే కొస చిట్లి సూది దిగుతుంది, దాని గాడి వెంటే ద్రవం లోపలికి పోతుంది. ఇంత చిన్న ఆకులో ఎంత ఏర్పాటో!

ఫార్మసీ అక్క: దురద సంగతి సరే. దూలగొండి గింజలో లెవోడోపా ఉంటుంది, పార్కిన్సన్ అనే వణుకుడు జబ్బుకు మందుగా ఇచ్చేది అదే, సాధారణంగా నూటికి నాలుగైదు పాళ్లు. 1937లో ఈ గింజల నుంచి దాన్ని వేరుచేసి చూపింది మన మద్రాసులోనే, యూనివర్సిటీ బయోకెమిస్ట్రీ ల్యాబులో దామోదరన్, రామస్వామి. తమ్ముడూ, నాన్నగారు పార్కిన్సన్ మాత్రలు ఏమైనా వాడుతున్నారా?

పెరంబూరు అబ్బాయి: అవునక్కా, రోజూ.

ఫార్మసీ అక్క: అయితే పొట్లం విప్పకు. ఆ మాత్రల్లో సాధారణంగా ఉండేదీ లెవోడోపాయే. పైన ఈ పొడి కలిస్తే డోసు పెరిగినట్టే. వాంతులు, లేవగానే బీపీ పడిపోవడం, ఒళ్లు తనంతట తాను మెలికలు తిరగడం, ఇవన్నీ రావచ్చు. న్యూరాలజిస్టుకు చూపించాకే ఏదైనా. మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు.

పెరంబూరు అబ్బాయి: పాలలో ఉడికించి తొక్క తీస్తే శుద్ధి అవుతుందన్నాడే కొట్టాయన?

ఫార్మసీ అక్క: ఆయుర్వేదంలో ఆ పద్ధతి ఉంది. కానీ ఉడికించినంత మాత్రాన లెవోడోపా మొత్తం పోదు. చెంచాకు ఎంత మిగిలిందో వంటింట్లో కొలవలేం కదా.