మిస్టేక్స్ వర్ మేడ్ సరే, చేసిందెవరు?

ఇంగ్లిష్‌లో చిరాకు పుట్టించే మాటల జాబితా కొన్నాళ్లుగా ఇక్కడ నడుస్తోంది కదా, అందరూ తలా ఒకటి చేరుస్తున్నారు, బావుంది. కానీ రెండు వేరువేరు రకాలను ఒకే గాటన కడుతున్నామని నాకనిపిస్తోంది. ‘అట్ ద ఎండ్ ఆఫ్ ద డే’, ‘గోయింగ్ ఫార్వర్డ్’, ‘టు బి ఆనెస్ట్’, ‘సర్కిల్ బ్యాక్’ లాంటివి ఊతపదాలు. ‘లెట్ గో’, ‘రైట్‌సైజింగ్’, ‘కొలాటరల్ డ్యామేజ్’ (యుద్ధంలో అడ్డంగా బలైపోయిన మామూలు జనం) లాంటివి ముసుగు మాటలు, వీటినే యూఫెమిజమ్స్ అంటారు. మొదటివి చెవికి విసుగు, అంతకుమించి ఏమీ లేదు. నా కోపమంతా రెండోవాటి మీద.

ఊతపదాల సంగతి ముందు తేల్చేద్దాం. బ్రిటన్‌లో ప్లెయిన్ ఇంగ్లిష్ క్యాంపెయిన్ అని ఒక సంస్థ ఉంది. ప్రభుత్వ కాగితాల్లోని అర్థంకాని ఇంగ్లిష్ మీద 1979 నుంచీ యుద్ధం చేస్తోంది. అన్నిటికంటే విసుగు పుట్టించే మాట ఏదని 2004లో తన మద్దతుదారులను అడిగితే ‘అట్ ద ఎండ్ ఆఫ్ ద డే’ మొదటి స్థానం కొట్టేసింది. అమెరికాలో మిషిగన్‌లోని లేక్ సుపీరియర్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లయితే 1976 నుంచి ఏటా కొత్త సంవత్సరం రోజున వెలివేసిన మాటల జాబితా ఒకటి సరదాగా ప్రకటిస్తారు. ఈ మాట 1999లో అందులోకెక్కింది, 2022లో మళ్లీ ఎక్కింది. వెలివేసినా ఊరు విడిచి పోలేదన్నమాట! పోదు కూడా. మాట్లాడుతున్న మనిషికి తర్వాతి వాక్యం కూడబలుక్కోడానికి ఒక క్షణం కావాలి, ఆ క్షణంలో నోరు ఊరుకోదు, ఏదో ఒకటి అనేస్తుంది. మనం మాత్రం ‘అదే మరి’, ‘అంటే ఏంటంటే’ అనకుండా రెండు నిమిషాలు మాట్లాడగలమా?

ఇక ముసుగు మాటలు. చావు గురించి మెత్తగా చెప్పడాన్ని నేను తప్పుపట్టను. వాళ్లు ‘పాస్డ్ అవే’ అన్నా మనం ‘కాలం చేశారు’ అన్నా అది వినేవాళ్ల మనసు నొప్పించకూడదని. నాకు తేడా కొట్టేది, చెప్పేవాడు తన పని తేలిక చేసుకోడానికి మాటను మెత్తబరిచినప్పుడు. ఉద్యోగం పీకేస్తూ ‘వీ ఆర్ లెటింగ్ యూ గో’ అంటారు. ఇతగాడేదో వెళ్లిపోతానని గింజుకుంటుంటే వాళ్లు జాలిపడి వదిలినట్టు. ‘డౌన్‌సైజింగ్’ కథ ఇంకా చిత్రం. 1970లలో అమెరికా కార్ల కంపెనీలు కార్ల సైజు తగ్గించడానికి వాడిన మాట అది, తర్వాత మెల్లగా మనుషులకు తగులుకుంది. దాని అసలు రంగు జనానికి తెలిసిపోయాక ‘రైట్‌సైజింగ్’ అన్నారు. అంటే మనం ఉన్నన్నాళ్లూ కంపెనీ తప్పు సైజులో ఉందన్నమాట, మనం పోయాకే సరిపోయింది.

వీటన్నిటికీ పెద్దన్న ‘మిస్టేక్స్ వర్ మేడ్’. ఇందులో కష్టమైన పదం ఒక్కటీ లేదు, పనంతా వ్యాకరణమే చేసేస్తుంది. కర్త ఉండడు. తప్పులు వాటంతటవే మొలిచినట్టు ఉంటుంది. 1987 జనవరిలో ఇరాన్‌కు ఆయుధాలు అమ్మిన గొడవ మీద అమెరికా అధ్యక్షుడు రీగన్ ‘సీరియస్ మిస్టేక్స్ వర్ మేడ్’ అన్నాడు. అంతకు శతాబ్దం ముందే, 1876లో, దిగిపోబోతున్న ప్రెసిడెంట్ గ్రాంట్ కూడా ఇంచుమించు ఇదే మాట రాశాడు, కాకపోతే ఆయన పక్కనే ‘నేనూ ఒప్పుకుంటాను’ అని ఒక ముక్క చేర్చాడు. చేర్చిన చేత్తోనే, ఆ తప్పులు ఎక్కువగా సహాయకుల ఎంపికలో జరిగినవేలెండి అని కూడా రాశాడనుకోండి.

మీ జాబితాల్లో మాటతోపాటు అది ఎవరు, ఎవరితో అంటున్నారో కూడా రాయండి. తేడా మీకే తెలుస్తుంది.

వ్యాఖ్య:
రీగన్‌కు కాస్త అన్యాయం చేశారండీ. అదే ఏడాది మార్చిలో టీవీ ప్రసంగంలో పూర్తి బాధ్యత నాదే అన్నాడు కదా.

జవాబు:
అన్నాడండీ, నిజమే. మీరు గుర్తుచేయడం మంచిదైంది. ఒకే మనిషి, ఒకే వ్యవహారం, మధ్యలో కొన్ని వారాలు. జనవరి వాక్యంలో ‘నేను’ లేదు, మార్చి వాక్యంలో ఉంది. ఏది ఒప్పుకోలో చెప్పడానికి విశ్లేషకులు అక్కర్లేదు.

వ్యాఖ్య:
నా తరఫున ఒకటి: ‘రీ-అకామొడేట్’, అంటే వేరేచోట సర్దడం. 2017 ఏప్రిల్‌లో షికాగోలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానంలోంచి ఒక ప్రయాణికుణ్ని భద్రతా సిబ్బంది సీట్లోంచి లాగి, నడవలో ఈడ్చుకెళ్లారు, ముఖమంతా రక్తం, లోకమంతా వీడియో చూసింది. కంపెనీ పెద్దాయన మర్నాడు చెప్పిన క్షమాపణ ఏమిటంటే, ఈ కస్టమర్లను ‘రీ-అకామొడేట్’ చేయాల్సి వచ్చినందుకు సారీ అని. తన్ని తగలేయడానికి ఇంత మర్యాదైన మాట ఉందని నాకప్పటిదాకా తెలీదు 😀

జవాబు:
ఇది జాబితాలో పైన ఉండాలి. ఆ క్షమాపణ మీద వచ్చిన తిట్లు తట్టుకోలేక తర్వాత ఆయన ఇంకా గట్టి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. మొదటిరోజే మామూలు మాటల్లో చెప్పుంటే ఒక్కదానితో పోయేది.

వ్యాఖ్య:
మాస్టారూ, నేను ఒప్పుకోను. మెత్తటి మాటలన్నీ దొంగ మాటలే అన్నట్టు రాశారు. ‘మోరాన్’ అనేది 1910లో హెన్రీ గొడార్డ్ అనే మనస్తత్వవేత్త తయారుచేసిన శాస్త్రపదం, తిట్టు కాదు. జనం దాన్ని తిట్టుగా మార్చేశారు. ‘మెంటల్ రిటార్డేషన్’ కూడా ఒకప్పుడు మర్యాదగా ఉంటుందని తెచ్చిందే, అదీ తిట్టయింది, చివరికి 2010లో అమెరికా ‘రోసాస్ లా’ అని ఒక చట్టం చేసి ఫెడరల్ చట్టాల్లో ఆ మాట తీసేసి ‘ఇంటెలెక్చువల్ డిసెబిలిటీ’ పెట్టుకుంది. ఇలా మాటలు అరుగుతూ మారుతూ పోవడాన్నే మనస్తత్వ, భాషా శాస్త్రవేత్త స్టీవెన్ పింకర్ 1994లో ‘యూఫెమిజం ట్రెడ్‌మిల్’ అన్నాడు. మరి బుద్ధి ఎదుగుదల తక్కువున్న పిల్లల తల్లిదండ్రులు కొత్త మాట అడిగితే వాళ్లూ తప్పించుకుంటున్నట్టేనా?

జవాబు:
ఎంతమాట, వాళ్లననలేదండీ. పైన చావు గురించి రాసిన ముక్కే ఇక్కడా వర్తిస్తుంది. ఆ మాట ఎవరి నెత్తిన పడుతుందో వాళ్లే మార్చమని అడుగుతున్నారు, మార్చాలి, పదేళ్లకు అదీ అరిగిపోతే మళ్లీ మార్చాలి, విసుక్కోడానికి మనమెవరం. ‘రైట్‌సైజింగ్’ అనమని ఉద్యోగం పోయినవాడు అడగలేదు కదా. అయితే పింకర్ చెప్పిన అరుగుదల రెండుచోట్లా ఒకటే. ‘డౌన్‌సైజింగ్’ అరిగింది, ‘రైట్‌సైజింగ్’ అరిగింది, ‘రీస్ట్రక్చరింగ్’ వింటేనే ఇప్పుడు జనానికి గుండెల్లో రాయి పడుతోంది. కింద ఉన్న సంగతి మారనంతకాలం పైన ఎంత రంగేసినా నిలవదు.

వ్యాఖ్య:
అన్నీ సీరియస్‌గా తీసుకుంటే ఎలాగండీ, కొన్ని సరదాగా లేవూ? 2023 ఏప్రిల్‌లో స్టార్‌షిప్ రాకెట్ గాల్లో పేలిపోతే స్పేస్‌ఎక్స్ వాళ్లు ‘రాపిడ్ అన్‌షెడ్యూల్డ్ డిసాసెంబ్లీ’ అన్నారు. అనుకోకుండా, చకచకా, ఏ ముక్కకా ముక్క విడిపోయిందట!

జవాబు:
దీనికి నా దగ్గర పూర్తి క్షమాభిక్ష. పేలింది పేలినట్టు లైవ్‌లో అందరూ చూశారు, దాచిందేమీ లేదు, పైగా అది ఇంజనీర్ల పాత జోకు. 1906లో చర్చిల్ పార్లమెంటులో అబద్ధం అనే మాట అనకుండా ‘టెర్మినలాజికల్ ఇనెగ్జాక్టిట్యూడ్’ (పదాల వాడుకలో కచ్చితత్వ లోపం) అన్నది కూడా ఈ కోవలోకే వేస్తాను, వింటేనే నవ్వొస్తుంది. 1986లో బ్రిటిష్ క్యాబినెట్ కార్యదర్శి రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ సిడ్నీ కోర్టు బోనెక్కి, నిజం విషయంలో ‘ఎకనామికల్’గా, అంటే పొదుపుగా, ఉండటం గురించి మాట్లాడాడు చూడండి, అక్కడ మాత్రం నాకు నవ్వు రాదు. ప్రమాణం చేసి చెప్తున్న సాక్ష్యం అది.

వ్యాఖ్య:
‘ఐ యామ్ సారీ యూ ఫీల్ దట్ వే’ ఎందులోకి వస్తుంది? రోజూ వినేది అదే. ఊతపదమా, ముసుగా?

జవాబు:
రెండూనండి, అందుకే అంత మంట. అరిగిపోయిన మాట కాబట్టి ఆలోచించకుండా వచ్చేస్తుంది, సారీ ఉంది కాబట్టి క్షమాపణలా కనిపిస్తుంది, తీరా చూస్తే తప్పు నీకలా అనిపించడంలోనే ఉందంటుంది. ‘విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్’ దీని చుట్టమే, ఆ మాట తర్వాత రెస్పెక్ట్ రావడం నేనెప్పుడూ వినలేదు. గంటసేపు ఫోన్ పట్టుకుని కూర్చున్నవాడికి ‘యువర్ కాల్ ఈజ్ ఇంపార్టెంట్ టు అస్’ అని రికార్డు వేయడం మూడోది. ‘ఇట్ ఈజ్ వాట్ ఇట్ ఈజ్’ మాత్రం ఎవరన్నారో చూడాలి. ఇబ్బంది పడుతున్నవాడు తనలో తాను అనుకుంటే ఓదార్పు. ఆ ఇబ్బంది తీర్చాల్సినవాడే అంటే ఇక లేచి వెళ్లమని.

వ్యాఖ్య:
అయితే జాబితాలో ‘లిటరల్లీ’ (అక్షరాలా) ఉంచాలా, తీసేయాలా? దాని మీద నలుగురు ఓటేశారు.

జవాబు:
తీసేయండి బాబూ, దాని జోలికెందుకు. ఇంగ్లిష్‌వాళ్లు 18వ శతాబ్దం నుంచే దాన్ని అతిశయోక్తికి వాడుతున్నారు, దానివల్ల ఎవరూ మోసపోలేదు, ఎవరి ఉద్యోగమూ పోలేదు. నవ్వి నవ్వి చచ్చానన్నవాడికి మనమెవరమైనా పాడె కడుతున్నామా?