18 వేలలోపు స్లైడింగ్ మైటర్ సా వస్తోంది, తీసుకోవచ్చా?

కొత్తపేట వడ్రంగం

అందరికీ నమస్కారమండి. మాది కొత్తపేట దగ్గర ఊరు. నాన్నగారిది వడ్రంగం, ఇంటి వెనక రేకుల షెడ్డులోనే పని. ఐటీఐ అయ్యాక నేనూ ఆయనతోనే ఉంటున్నాను. ప్లానరు, డ్రిల్లు, చిన్న సర్క్యులర్ సా ఉన్నాయి, అంతే. కిటికీ ఫ్రేములు, పూజా మందిరాలు, పటాల ఫ్రేములు, బీరువాల్లోకి అరలు, అప్పుడప్పుడు సింహద్వారాలు చేస్తాం. ఈమధ్య కొబ్బరి చెక్కతో బల్లలు కూడా అడుగుతున్నారు. అన్నిటికంటే ఎక్కువ టైము తినేది 45 డిగ్రీల కోతలే. నాన్నగారు చేతి రంపంతో కోసి కలిపితే అతుకు ఎక్కడుందో వెతుక్కోవాలి, కానీ ఆయనకి ఇప్పుడు భుజం నొప్పి, రోజంతా రంపం లాగనివ్వడం నాకు ఇష్టం లేదు.

ఆన్‌లైన్లో ఒక స్లైడింగ్ మైటర్ సా చూశాను, అంటే కావాల్సిన కోణానికి తిప్పి అడ్డంగా కోసే రంపం మిషను, బ్లేడు ముందుకీ వెనక్కీ కూడా జరుగుతుంది. 10 అంగుళాల బ్లేడు, 2000 వాట్లు, 12 అంగుళాల వెడల్పు కోస్తుందని రాశారు, లేజర్ లైటు ఉంది, ఏడాది వారంటీ. 18 వేల లోపే. కంపెనీ పేరు ఎప్పుడూ విన్నది కాదు. రివ్యూల్లో సగం మంది డెలివరీ త్వరగా వచ్చింది, ప్యాకింగ్ బాగుంది అని ఫైవ్ స్టార్ ఇచ్చారు, కోత ఎలా ఉందో రాసినవాళ్ళు కనబడలేదు. కాస్త అటూ ఇటుగా అదే డబ్బుకి పేరున్న కంపెనీ మామూలు చాప్ సా, అంటే స్లైడ్ లేనిది, వస్తుందంటున్నారు. పేరున్న కంపెనీ స్లైడింగ్ మాత్రం మాకు అందదు. ఏది తీసుకోమంటారు? షాపుకి వెళ్తే ఏమేం చూడాలి?

పాలకొల్లు చెక్కపని

తమ్ముడూ, కంపెనీ పేరు, వాట్లు కాసేపు పక్కన పెట్టు. ఐదు అంగుళాలు దాటిన చెక్క అడ్డంగా కోసే పని మీ షెడ్డులో ఎంత ఉందో ముందు చూసుకో.

10 అంగుళాల మామూలు చాప్ సాలో మకీటా ఎల్ఎస్1040 తీసుకుంటే, నిటారు కోతలో 69 మిల్లీమీటర్ల మందం, 130 మిల్లీమీటర్ల వెడల్పు వరకు కోస్తుంది. కిటికీలకి వాడే 4×2½ అంగుళాల సైజు సుఖంగా పడుతుంది. చిక్కల్లా 5×3 సింహద్వారం దగ్గరే. వెడల్పు సరిపోతుంది గానీ 3 అంగుళాలంటే 76 మిల్లీమీటర్లు, చిత్రిక పట్టాక కూడా 70 పైనే ఉంటుంది, కాబట్టి ఒక వైపు కోసి, తిప్పి రెండో వైపు కోసుకోవాలి. 45 డిగ్రీలకి తిప్పితే ఆ 130 కాస్తా 90 చిల్లరకి పడిపోతుంది. పటాలకీ బీడింగుకీ అది చాలు. 10, 12 అంగుళాల అర చెక్కలకి మాత్రం చాలదు, అక్కడ స్లైడింగ్ ఉండాల్సిందే. స్లైడింగ్ ఉంది కదా అని 8×4 ప్లైవుడ్ షీటు దాని మీద కోసేద్దామనుకోకు, 12 అంగుళాలు దాటితే అందదు, నిలువు కోతకి అది అసలు మిషనే కాదు. షీట్లకి నీ దగ్గరున్న సర్క్యులర్ సాకి తిన్నటి పట్టె ఒకటి గైడుగా బిగించుకో.

ఇక చవక స్లైడింగ్‌లో తయారుచేసేవాడు డబ్బు మిగుల్చుకునేది రైళ్ళలో. మోటారు, బ్లేడు ఉన్న తల మొత్తం ఆ గొట్టాల మీదే ముందుకీ వెనక్కీ జరగాలి. గొట్టాలు సన్నవైనా, లోపల బేరింగుకి బదులు నాసిరకం బుషులు వేసినా, తల ముందుకి లాగినప్పుడు పక్కలకి ఊగుతుంది. చూడటం తేలికే. ప్లగ్గు తీసేసి, తల పూర్తిగా ముందుకి లాగి, బ్లేడు కొన చెక్క మీదకి దించి, పిడి పట్టుకుని కుడికీ ఎడమకీ మెల్లగా కదుపు. విరిచినట్టు కాదు, కోసేటప్పుడు చెయ్యి ఎంత బలం పెడుతుందో అంతే. కొన గీత వదిలి పక్కకి పోయిందంటే ఆ పీసు వద్దు.

తర్వాత కోత కోయించు. షాపువాడు ఒప్పుకోకపోతే అక్కడ కొనకు. అంచులు సమాంతరంగా ఉన్న వెడల్పాటి ఎండీఎఫ్ ముక్క తీసుకుని, ముల్లు 0 దగ్గర పెట్టి నడిమికి కోయించు. ఒక సగాన్ని అలాగే ఉంచి రెండో సగాన్ని బోర్లా తిప్పు. రెండిటినీ పొడుగాటి స్టీలు స్కేలుకి ఆనించి, కోసిన అంచులు కలుపు. సందు కనబడితే అది అసలు తప్పుకి రెట్టింపు. 300 మిల్లీమీటర్ల వెడల్పు ముక్కలో పావు డిగ్రీ తేడా ఉంటే 1.3 మిల్లీమీటర్లు పోతుంది, తిప్పి కలిపితే 2.6 సందు. మూలమట్టం పెడితే ఇంత స్పష్టంగా తెలియదు. పావు డిగ్రీయే కదా అనుకోవద్దు. ఒక ఫ్రేముకి ఎనిమిది కోతలు, అన్నీ ఒకే వైపు తప్పితే చివరి మూలకి వచ్చేసరికి 2 డిగ్రీలు నోరు తెరుస్తుంది.

ఆ కోత ఒక్కసారి కాదు, నాలుగైదు సార్లు కోయించు. సందు ప్రతిసారీ ఒకేలా వస్తే భయం లేదు, చెక్క ఆనించే వెనక పట్టె, అదే ఫెన్సు, దాని బోల్టులు వదులు చేసి జరుపుకుంటే పోతుంది. ఒకసారి ఎడమకి, ఇంకోసారి కుడికి వస్తే మిషనే వదులు అన్నమాట, దాన్ని ఎవరూ బాగుచెయ్యలేరు. నా మటుకు చవక మిషను కొనాలా వద్దా అన్నది తేల్చేది ఇదే. 45 దగ్గర కూడా ఇలాగే చూడు, గాడిలో పడ్డాక చేత్తో నెడితే బల్ల కదలకూడదు. లేజర్ని లెక్కలోకే తీసుకోకు.

తణుకు అల్యూమినియం

అన్నగారు చెప్పినవన్నీ నిజమే గానీ చవకవన్నీ చెత్త అనుకోవద్దండి. మా దగ్గర పేరు తెలియని స్లైడింగే నడుస్తోంది, కిటికీల సెక్షన్లు దాని మీదే కోస్తాం. అయితే షాపులో పెట్టెలు విప్పించి చూసి ఏరుకున్నదది. ఒకే మోడల్‌లో ఒక పీసు బిగుతుగా ఉంటుంది, పక్కది గలగలమంటుంది. ఆన్‌లైన్లో ఆ ఏరుకునే వీలుండదు, వాపసు పంపడం కూడా అంత బరువున్న వస్తువుతో పెద్ద పని.

పెట్టెలో వచ్చే బ్లేడుని బట్టి మిషన్ని అంచనా వెయ్యకండి. మామూలుగా తక్కువ పళ్ళది ఇస్తారు, దానితో కోస్తే టేకు అంచు కూడా పీచు లేస్తుంది. 60 గానీ 80 గానీ పళ్ళున్న కార్బైడ్ బ్లేడు విడిగా కొనండి, ఆ ఖర్చు ముందే బడ్జెట్లో కలుపుకోండి. పళ్ళ వాలు నెగటివ్ ఉన్నది, అంటే పళ్ళు కాస్త వెనక్కి వాలినది అడగండి. స్లైడింగ్‌కి ఇది చాలా ముఖ్యం, పళ్ళు ముందుకి బాగా వాలి ఉంటే చెక్కని కరిచి తల మన మీదకి ఎగబాకుతుంది. కొనేముందు మధ్య రంధ్రం చూసుకోండి, కొన్నిటికి 25.4 మిల్లీమీటర్లు, కొన్నిటికి 30. బ్లేడు మీద రాసిన గరిష్ఠ స్పీడు మిషను స్పీడు కంటే ఎక్కువే ఉండాలి. కొబ్బరి చెక్కంటున్నారు కాబట్టి చెబుతున్నాను, పైన గట్టి భాగంలో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, పదును తొందరగా పోతుంది. దానికి పాత బ్లేడు ఒకటి విడిగా ఉంచుకోండి, పటాల ఫ్రేములు కోసే బ్లేడుతో ముట్టుకోవద్దు. ఇనుము మాత్రం దీని మీద ఎవరడిగినా కోయకండి.

అమలాపురం మోటార్ వైండింగ్

కరెంటు సంగతి ఎవరూ అనలేదు. ఈ మిషన్లలో ఉండేది కార్బన్ల మోటారు, అంటే లోపల తిరిగే ఆర్మేచర్‌కి కార్బన్ ముక్కల ద్వారా కరెంటు అందేది. 1800 వాట్లంటే 230 వోల్టుల దగ్గర సుమారు 8 ఆంపియర్లు లాగుతుంది, స్టార్టింగులో దానికి కొన్ని రెట్లు. ఇంట్లో లైట్ల బోర్డులో 5 ఆంప్స్ సాకెట్ నుంచి వైరు లాగి షెడ్డులో పెట్టేవాళ్ళని చూస్తున్నాను, అలా చెయ్యొద్దు. మెయిన్ బోర్డు నుంచి 16 ఆంప్స్ పవర్ ప్లగ్గు, 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, సరైన ఎర్తింగు. షెడ్డు 30 మీటర్ల దూరంలో ఉంటే 2.5 వైరులో 3, 4 వోల్టులే పోతాయి, 1 స్క్వేర్ వైరులో 9 దాకా పోతాయి, అది కూడా మామూలు లోడు మీదే.

మన వైపు ఎండాకాలం సాయంత్రాలు, రొయ్యల చెరువుల ఏరియేటర్లు తిరిగే చోట్ల వోల్టేజి ఎలా ఉంటుందో తెలిసిందే. వోల్టేజి తగ్గితే స్పీడు తగ్గుతుంది, కోత సాగడం లేదని మనిషి ఇంకా నొక్కుతాడు, లోడు పెరిగి ఆర్మేచర్ వేడెక్కుతుంది. మా దగ్గరకి కాలిపోయి వచ్చేవి ఎక్కువ ఇలాంటివే. మీటరు పెట్టి చూసుకోండి, బాగా పడిపోయిన వేళ గట్టి చెక్క కోయకండి.

విడిభాగాలు కూడా అడగండి. ఆర్మేచర్ మేము చుట్టి ఇస్తాం, కార్బన్లు అరగదీసి సరిపెడతాం. స్విచ్చు, బ్లేడు మీద గార్డు, రైలు బేరింగు ఆ కంపెనీవే కావాలి. అవి ఇక్కడ దొరుకుతాయా, ఎన్నాళ్ళకి తెప్పిస్తారో షాపువాడితో చెప్పించుకున్నాకే డబ్బు కట్టండి.

కొత్తపేట వడ్రంగం

అందరికీ చాలా థాంక్సండి. నాన్నగారిని తీసుకుని రాజమండ్రి వెళ్ళి చూసి వచ్చాం. అక్కడ ఉన్నదీ పేరు తెలియని కంపెనీ స్లైడింగే, పెట్టె మీద 2000 వాట్లు, మోటారుకి అతికించిన ప్లేటు మీద 1650. డిస్‌ప్లేలో పెట్టిన పీసు తల ముందుకి లాగితే ఊగుతోంది, కోత కోతకీ సందు మారుతోంది. నాన్నగారైతే మొదటి కోత చప్పుడుకే వద్దన్నారు. అడిగితే ఇంకో పెట్టె విప్పారు. అది ఆశ్చర్యంగా గట్టిగా ఉంది, ఎన్నిసార్లు కోసినా సందు ఒకేలా, ఒకే వైపు. 45 గాడి కూడా బిగుతుగానే ఉంది. కార్బన్లు, స్విచ్చు షాపులోనే ఉన్నాయి, మిగతావి తెప్పిస్తామన్నారు. పేరున్న చాప్ సా కూడా చూశాం, దానికి వంక పెట్టడానికేం లేదు. కానీ మాకు అరల పని నెల నెలా ఉంటుంది, అందుకే మనసు ఆ రెండో పీసు మీదకి పోతోంది. తప్పంటారా?

పాలకొల్లు చెక్కపని

తప్పేం లేదు. అరల పని నెల నెలా ఉన్నప్పుడు స్లైడింగే కరెక్టు, పైగా కోత మారడం లేదంటున్నావు. అయితే కోసి చూసిన ఆ పీసే కావాలని పట్టుబట్టు, సీరియల్ నంబరు ఫోనులో ఫొటో తీసి ఉంచుకో, గోడౌన్ నుంచి సీలు పెట్టె పంపుతామంటే వద్దను. డబ్బు కట్టేలోపు 5×3 ముక్క ఒకటి పట్టుకెళ్ళి బ్లేడు కిందకి పూర్తిగా దిగుతోందో లేదో కూడా చూడు. 10 అంగుళాల బ్లేడే ఉన్నా మందం ఎంత కోస్తుందన్నది మోడల్ మోడల్‌కీ మారుతుంది. 8½ అంగుళాల బ్లేడున్న బాష్ జీసీఎం 8 ఎస్‌జేఎల్ వెడల్పు 312 మిల్లీమీటర్లు కోస్తుంది గానీ మందం 70 దగ్గరే ఆగుతుంది, కాబట్టి వెడల్పు చూసి మందం వదిలెయ్యకు.

వాడేటప్పుడు తల ముందుగా నీ వైపుకి లాగి, మోటారు పూర్తి స్పీడు అందుకున్నాక కిందకి దించి, అప్పుడు వెనక్కి నెడుతూ కోయాలి. నీ వైపుకి లాగుతూ కోస్తే బ్లేడు చెక్క మీదకెక్కి నీ మీదకి వస్తుంది. చవక రైళ్ళున్న మిషను మీద ఇది ఇంకా ప్రమాదం. కోత అయ్యాక స్విచ్చు వదిలి, బ్లేడు ఆగిందాకా తల పైకెత్తకు. వంపున్న చెక్కైతే ఉబ్బు వైపు ఫెన్సుకి ఆనించు, కోసే చోట వెనక సందు ఉండకూడదు, ఉంటే కోత చివర్లో చెక్క మూసుకుని బ్లేడుని పట్టేస్తుంది. చిన్న ముక్కలు క్లాంపుతోనే, చెయ్యి బ్లేడుకి ఒక జానెడు దూరంలో ఉండాలి. గార్డు కట్టేసి పనిచేసేవాళ్ళని చూసి నేర్చుకోకు. నాన్నగారికి కూడా ఇవన్నీ చెప్పు, చేతి రంపం అలవాటున్నవాళ్ళు తెలియకుండానే లాగుతూ కోస్తారు.

నరసాపురం టేకు

సముద్రం దగ్గరవాణ్ణి కాబట్టి రైళ్ళ గురించి ఒక్కటి. మా గాలికి, కోనసీమ చెమ్మకి ఆ గొట్టాలు వానాకాలంలో తుప్పు చుక్కలు వేస్తాయి, తుప్పు ఎక్కితే బేరింగులు అరుగుతాయి, గట్టిగా ఉన్న పీసు కూడా ఊగడం మొదలవుతుంది. అలాగని ఆయిల్ పూయకండి, పొట్టు అంతా అంటుకుని ముద్ద కడుతుంది. పని అయ్యాక పొడి గుడ్డతో తుడిచి, అప్పుడప్పుడు పేస్ట్ వ్యాక్స్ పలచగా రాసి మెరిసేదాకా రుద్దండి. సిలికాన్ స్ప్రే షెడ్డులోకే రానివ్వద్దు, చెక్క మీద పడితే తర్వాత పాలిష్ పట్టదు, చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. స్లైడింగ్‌కి వెనక రైళ్ళు బయటికి పొడుచుకొస్తాయి, గోడకి ఆనించి పెట్టడం కుదరదు, బల్ల కట్టేముందే ఆ దూరం కొలుచుకోండి. దుమ్ము సంచి సగం కూడా పట్టదు, మాస్కు పెట్టుకోండి, చెక్క దుమ్ముని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులోనే పెట్టారు.