వార్డు డ్యూటీలో జేబులో ఏది ఉండాలి: పుస్తకమా, ఫోనా, డైరీయా?

కొత్త_స్టాఫ్
జీఎన్ఎం (నర్సింగ్ కోర్సు) అయిపోయింది. వచ్చే వారం మెడికల్ వార్డులో చేరుతున్నా. 40 బెడ్లు, నైట్‌లో ఇద్దరమే అంట. డోసులు, డైల్యూషన్లు (ఏ మందు ఎందులో ఎంత కలపాలో) చూసుకోడానికి జేబులో పట్టేది ఏదైనా చెప్పండి. మా అన్నయ్య ఫోన్‌లో యాప్ చాలంటున్నాడు, హాస్టల్ సీనియర్ అక్క పుస్తకమే కొనమంటోంది. 500 లోపు అయితే మంచిది.

ఇంచార్జ్_సిస్టర్
రెండూ వద్దమ్మా. పాకెట్ డైరీ ఒకటి కొనుక్కుని మొదటి నెల మీ ట్రాలీలో ఉండే మందులు మాత్రమే రాసుకో. 22 ఏళ్ల సర్వీసులో నాకు అక్కరకొచ్చింది అదే. కెసిఎల్ (పొటాషియం క్లోరైడ్) 10 ఎంఎల్ ఆంప్యూల్‌లో 20 ఎంఈక్యూ (పొటాషియం కొలత), నేరుగా ఐవీ పుష్ (సిరంజితో నరంలోకి ఒక్కసారిగా) ఇవ్వకూడదు. ఫిట్స్ మందు ఫెనిటాయిన్ నార్మల్ సెలైన్‌లోనే కలపాలి, డెక్స్‌ట్రోజ్‌లో పోస్తే తెల్లగా విరుగుతుంది. ఇలాంటివి ముప్పై నలభై ఉంటాయి. ఎంత లావు పుస్తకం కొన్నా నువ్వు తిరగేసేది ఆ నలభై కోసమే.

ఐసీయూ_బ్రదర్
నమస్తే మేడమ్. డైరీలో రాసిందే తప్పైతే? మన దగ్గర డైరీ అంటే సీనియర్‌ది చూసి జూనియర్ ఎక్కించుకోవడమే. ఒకరు తప్పు రాస్తే పదేళ్లు అదే నడుస్తుంది. యాప్‌లో రెండు మందులు ఒకదానికొకటి పడతాయో లేదో వెంటనే తెలుస్తుంది, ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా తెరుచుకునేవి ఉన్నాయి. బీపీ పెంచే డోపమైన్ 200 ఎంజీ 50 ఎంఎల్‌లో కలిపి 60 కిలోల మనిషికి కిలోకు నిమిషానికి 5 మైక్రోగ్రాముల చొప్పున అంటే గంటకు 4.5 ఎంఎల్. తెల్లవారుజామున 4 గంటలకు ఈ లెక్క నోటితో వేస్తారా?

ఇంచార్జ్_సిస్టర్
వేస్తా. వేశా కూడా.

అటెండర్‌ని_నేను
నేను నర్సును కాదు. మా అమ్మను అడ్మిట్ చేసినప్పుడు రాత్రంతా సిస్టర్ ఫోన్ చూస్తూనే ఉంది. యాపో వాట్సాపో మాకెట్లా తెలుస్తది?

రాత్రి_డ్యూటీ
పైన రాసిన అన్నా, నాకు మెమో వచ్చింది మీలాంటి వాళ్ల వల్లే. మందు చూస్తుంటే బెడ్ పక్కనున్నాయన వీడియో తీసి సూపరింటెండెంట్‌కు పంపాడు. స్క్రీన్ మీద ఏముందో ఎవరూ అడగలేదు. అప్పటి నుంచి మాకు ఫోన్లు లాకర్‌లోనే.

చేతులు_కడగండి
ఫోన్‌కు క్రిములు ఎక్కువ. బాత్రూమ్‌లోకీ అదే, బెడ్ దగ్గరికీ అదే.

ఐసీయూ_బ్రదర్
ఫోన్‌ను స్పిరిట్ కాటన్‌తో తుడవొచ్చు. వేలికి ఉమ్మి రాసుకుని తిప్పే పుస్తకాన్ని దేంతో తుడుస్తారు?

చేతులు_కడగండి
ఉమ్మి ఎవరు రాశారు? డైరీని బెడ్ మీద పెట్టం కదా.

ఐసీయూ_బ్రదర్
జేబులోంచి తీసేది గ్లోవ్స్ వేసుకున్న చేత్తోనే కదా.

బర్మింగ్‌హామ్_నుంచి
ఇక్కడ వార్డు కంప్యూటర్లోనే బీఎన్ఎఫ్ (మందులు, డోసుల గైడ్) ఉంటుంది, ఇంజెక్షన్లకు మెడ్యూసా అని వేరే గైడ్. జేబులో ఏదీ పెట్టుకోం.

రాత్రి_డ్యూటీ
మా వార్డులోనూ కంప్యూటర్ ఉందక్కా. బిల్లింగ్ వాళ్లది.

గల్ఫ్_రిటర్న్
చెల్లీ, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుందని అమెరికా పుస్తకం మాత్రం కొనకు. నేను కొని పడ్డ పాట్లు చాలు. నా పుస్తకంలో పారాసిటమాల్ అసిటమినోఫెన్ అని, సాల్‌బ్యుటమాల్ ఆల్‌బ్యుటెరాల్ అని, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్ అని ఉండేవి. మన బ్రాండ్ పేర్లు ఒక్కటీ లేవు. ఇన్సులిన్ ఇంకా ఘోరం. అక్కడ లెక్కంతా ఎంఎల్‌కు 100 యూనిట్లది, మన వార్డుల్లో 40 యూనిట్ల వయల్ ఇంకా నడుస్తోంది. ఎర్ర మూత సిరంజి 40ది, నారింజ మూతది 100ది. 40 వయల్‌లోంచి నారింజ సిరంజితో 20 గీత దాకా లాగితే పోయేది 8 యూనిట్లే. షుగర్ ఎందుకు తగ్గట్లేదని తెల్లారిందాకా కొట్టుకుంటాం.

ఇంచార్జ్_సిస్టర్
అదే నేను చెప్పేది. మన ట్రాలీ సంగతి మనమే రాసుకోవాలి. నా డైరీలో ఒక పేజీ ఇదిగో, ఉన్నదున్నట్టు: "ఐవీ సెట్ 15 చుక్కలు = 1 ఎంఎల్. మైక్రో 60. 500 ఎంఎల్ 8 గంటల్లో: నిమిషానికి 16." మైక్రో అంటే సన్న చుక్కల సెట్. చాలదా?

ఐసీయూ_బ్రదర్
మేడమ్, మా హాస్పిటల్ సెట్ కవర్ మీద 20 చుక్కలని ఉంది. అప్పుడు నిమిషానికి 21 పడాలి. 16 పెడితే ఆ బాటిల్ పది గంటలు దాటినా అవదు. డైరీ తప్పని ఇందుకే అన్నా.

ఇంచార్జ్_సిస్టర్
నేను చుక్కలు చూసి సెలైన్ ఎక్కించాను బాబూ, నీలా పంపు బటన్ నొక్కి కాదు. ఒక్క అంకె దొరికిందని 22 ఏళ్ల సర్వీసు తీసి గంపలో వేస్తావా?

ఐసీయూ_బ్రదర్
సర్వీసును ఎవరేమన్నారు? స్టూడెంట్‌గా ఉన్నప్పుడు ఇంజెక్షన్ ముందు పుస్తకం తీశానని మా ఇంచార్జ్ లాక్కుని అల్మారాలో పెట్టి తాళం వేసింది. "పేషెంటు ముందు పుస్తకం తీస్తే మన పరువేం కాను?" అంది. మీరూ మీ స్టూడెంట్లతో ఆ మాట అనే ఉంటారు.

ఇంచార్జ్_సిస్టర్
అన్నాను. ఎందుకన్నానో విను. సర్వీసులో చేరిన కొత్తలో ఒక కిడ్నీ పేషెంటుకు జెంటామైసిన్ మామూలు డోసు రాశారు. క్రియాటినిన్ ఎక్కువుంది, అంటే కిడ్నీ ఆ మందును సరిగా బయటికి పంపలేదు, డోసు తగ్గించాలి. పుస్తకం తెరిచి రౌండ్స్‌లో డాక్టర్‌కు చూపించాను. "ప్రిస్క్రిప్షన్ నువ్వే రాస్తావా సిస్టర్?" అన్నాడు, పేషెంటు, ఆయన భార్య, ఆరుగురు స్టూడెంట్ల ముందు. సాయంత్రానికి కేస్ షీట్‌లో డోసు మారింది. నాతో మాత్రం మూడు నెలలు మాట్లాడలేదు. అప్పటి నుంచి డైరీని స్టోర్ రూమ్‌లో నిలబడి చూసుకుంటా.

ఐసీయూ_బ్రదర్
మేడమ్, నాకు కోపం అక్కడే. ఫోనో డైరీయో ఏదైనా సరే. దాక్కుని చూడాల్సి వస్తే, చేతినిండా పని ఉన్న రాత్రి చూడటమే మానేస్తారు. అందరి ముందు ట్రాలీ మీద పెట్టుకుని చూడండి.

ఇంచార్జ్_సిస్టర్
నీకు చెల్లుతుంది. నువ్వు తీస్తే చదువుకున్న కుర్రాడు. నేను తీస్తే ఇన్నేళ్లొచ్చినా ఏమీ తెలియని సిస్టర్. మగపిల్లాణ్ని చాలామంది పేషెంట్లు డాక్టరుగారూ అనే పిలుస్తారు, తెలుసుగా.

రాత్రి_డ్యూటీ
నిజం. నాతో చేరిన బ్రదర్‌కు మెమో రాలేదు.

ఐసీయూ_బ్రదర్
నన్నూ డాక్టరుగారూ అంటారు. కాదని నేనెప్పుడూ దిద్దలేదు.

కొత్త_స్టాఫ్
అక్కా, డైరీ కొన్నా. 15 రాయాలా 20 రాయాలా?

ఇంచార్జ్_సిస్టర్
ఇవాళ డ్యూటీలో మా స్టోర్‌లో చూశా. కవర్ మీద 20 అనే ఉంది. 15 మా ట్రైనింగ్‌లో రాసుకున్నది, కొట్టేశా. నువ్వు మీ వార్డు సెట్ చూసి రాసుకో. కొత్త స్టాకు వచ్చినప్పుడల్లా కవర్ చించేముందు ఒకసారి చూడు.